ప్యాకేజీ మేనేజర్లు, మాడ్యులర్ సాఫ్ట్‌వేర్ పంపిణీ

ప్యాకేజీ మేనేజర్ అంటే సాఫ్ట్‌వేర్ భాగాన్ని పేరుతోనూ వెర్షన్‌తోనూ గుర్తించి, దానికి కావలసిన ఇతర భాగాలతో సహా తెచ్చి, కంప్యూటర్‌లో తగిన చోట అమర్చి, తర్వాత నవీకరించడానికీ తొలగించడానికీ తోడ్పడే పరికరం. ఇవి మొదట ఏదో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసమో, ఒక ప్రోగ్రామింగ్ భాష కోసమో తయారయ్యాయి. తర్వాత వాటి రూపకర్తలు ఊహించని వస్తువులు కూడా వాటి మీదుగా ప్రయాణించడం మొదలైంది. బ్రౌజర్‌లో నడిచే కోడ్, గేమ్ ఇంజన్ భాగాలు, రోబోల ప్రోగ్రాములు, వెబ్‌సైట్ ప్లగిన్లు, చివరికి అక్షరాల ఫాంట్లు సైతం నేడు ఇలా పంపిణీ అవుతున్నాయి.

ఇలా మలచుకున్న ప్రతి సందర్భంలోనూ ఒక తేడా కనిపిస్తుంది. పేర్లు, వెర్షన్ సంఖ్యలు, రిజిస్ట్రీ కొత్త రంగానికి తేలిగ్గా వెళ్తాయి. వెర్షన్లను ఎంచుకునే పద్ధతి, ఫైళ్లను అమర్చే చోటు, ఒకే భాగానికి రెండు ప్రతులు ఉండవచ్చా లేదా అన్న నియమం మాత్రం పుట్టినచోటి అలవాట్లను వెంట తెచ్చుకుంటాయి. చిక్కులు ఎక్కువగా అక్కడే వస్తాయి.

నిర్వచనాలు

మాడ్యూల్ అనేది కోడ్ నిర్మాణానికి చెందిన విభాగం. బయటివారు వాడుకోవలసిన ఇంటర్‌ఫేస్‌ను చూపి, లోపలి అమలును దాచి ఉంచడం దాని లక్షణం. ప్యాకేజీ అనేది పంపిణీకి చెందిన విభాగం. ఒక ప్యాకేజీలో ఒకే మాడ్యూల్ ఉండవచ్చు, వందలు ఉండవచ్చు, అసలు కోడే లేకపోవచ్చు కూడా. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వాడుకలో ఉన్నా, వేరుగా చూస్తేనే కింది విషయాలు స్పష్టమవుతాయి.

ప్యాకేజీతో పాటు వచ్చే వివరాల పత్రాన్ని మ్యానిఫెస్ట్ అంటారు. పేరు, వెర్షన్, లైసెన్సు, డిపెండెన్సీలు అందులో ఉంటాయి. ఒక ప్యాకేజీ పనిచేయడానికి అవసరమైన ఇతర ప్యాకేజీలే డిపెండెన్సీలు. ప్యాకేజీలను భద్రపరచి, అడిగినవారికి అందించే సర్వర్ రిజిస్ట్రీ; లైనక్స్ లోకంలో దాన్ని రిపాజిటరీ అంటారు. డిపెండెన్సీలన్నీ తీరేలా వెర్షన్లను ఎంచే భాగం రిజాల్వర్. ఆ ఎంపిక ఫలితాన్ని అక్షరం తేడా లేకుండా రాసి ఉంచే ఫైలు లాక్‌ఫైల్. అది ఉంటే ఏడాది తర్వాత మరో కంప్యూటర్‌లోనైనా అవే వెర్షన్లు అమరుతాయి.

వెర్షన్ సంఖ్యల విషయంలో సెమాంటిక్ వెర్షనింగ్ అనే ఒప్పందం విస్తృతంగా ఆచరణలో ఉంది. టామ్ ప్రెస్టన్-వెర్నర్ రూపొందించిన ఈ ఒప్పందం 2.0.0 పాఠం 2013లో వెలువడింది. దీని ప్రకారం మొదటి సంఖ్య మారితే పాత వాడుకకు భంగం కలగవచ్చు, రెండోది మారితే కొత్త సౌకర్యం చేరింది, మూడోది మారితే దోషం సవరించారు అని అర్థం. జావాస్క్రిప్ట్ ప్యాకేజీ మేనేజర్ అయిన ఎన్‌పీఎం మ్యానిఫెస్ట్‌లో ^1.2.3 అని రాస్తే 1.2.3 నుంచి 2.0.0కు లోపల ఏ వెర్షనైనా సరిపోతుందని భావం. సెమాంటిక్ వెర్షనింగ్ రచయిత ఇచ్చే మాట మాత్రమే. యంత్రం సరిచూసే నియమం కాదు.

చరిత్ర

సాఫ్ట్‌వేర్ భాగాలను కర్మాగారపు సరుకులా తయారుచేసి, జాబితాలో చూసి ఎంచుకునేలా అందించాలన్న ప్రతిపాదనను బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ 1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సదస్సులో చేశారు. ప్రోగ్రామును మాడ్యూళ్లుగా ఎక్కడ విడగొట్టాలన్న ప్రశ్నకు 1972లో డేవిడ్ పార్నస్ సమాధానమిచ్చారు: మారే అవకాశమున్న నిర్ణయం ఒక్కొక్కటి ఒక్కో మాడ్యూల్‌లో దాగి ఉండాలి. ఆ భాగాలు చేతులు మారేందుకు కావలసిన నెట్‌వర్కు మాత్రం అప్పటికి అందరికీ అందుబాటులో లేదు.

నెట్‌వర్కు వచ్చాక ఒక నమూనాను టెక్ వాడుకరులు అందించారు. డొనాల్డ్ నూత్ తయారుచేసిన అక్షర కూర్పు వ్యవస్థ టెక్. దాని కోసం 1990ల ఆరంభంలో ఏర్పడిన సీట్యాన్ భాండాగారాన్ని చూసి పర్ల్ భాష వాడుకరులు 1995 అక్టోబరులో సీప్యాన్‌ను నెలకొల్పారు. తర్వాతి భాషల రిజిస్ట్రీల్లో చాలావాటికి సీప్యాన్ ఏదో ఒక మేరకు ఆదర్శం.

అదే కాలంలో లైనక్స్ పంపిణీలు వేరే దారిలో అక్కడికే చేరాయి. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ డెబియన్‌ను ప్రారంభించారు. దాని ప్యాకేజీ పరికరం డీపీకేజీని 1994లో ఇయన్ జాక్సన్ సీ భాషలో తిరగరాశారు. రెడ్ హ్యాట్ సంస్థ 1995లో ఆర్‌పీఎంను తెచ్చింది. ఇవి రెండూ చేతికిచ్చిన ఫైలును అమర్చగలవు, డిపెండెన్సీ లేకపోతే ఆ మాట చెప్పి ఆగిపోతాయి. కావలసినదాన్ని వెతికి తేలేవు. ఆ లోటును డెబియన్‌లో ఆప్ట్ తీర్చింది. 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1తో అది వాడుకలోకి వచ్చింది.

2000 తర్వాత భాషకో ప్యాకేజీ మేనేజర్ పుట్టింది. పైథాన్‌కు పైపీఐ 2003లో, రూబీకి రూబీజెమ్స్ 2004లో వచ్చాయి. జావాకు వాడే అపాచీ మావెన్ 1.0 వెర్షన్ కూడా 2004లోనే విడుదలైంది. జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపే నోడ్ కోసం ఐజాక్ ష్లూటర్ 2010 జనవరిలో ఎన్‌పీఎంను విడుదల చేశారు. పీహెచ్‌పీకి కంపోజర్ 2012లో వచ్చింది.

మలచుకోవడం అన్నది ఈ పరికరాలతో పాటే మొదలైంది. సీప్యాన్ మాడ్యూళ్లను డెబియన్ ప్యాకేజీలుగా మార్చే డీహెచ్-మేక్-పర్ల్ ఇందుకు తొలి ఉదాహరణల్లో ఒకటి. బ్రౌజర్ కోడ్‌కు సొంత ప్యాకేజీ మేనేజర్ లేని రోజుల్లో జేక్వెరీ వంటి లైబ్రరీలు ఇతర భాషల బండ్లెక్కి తిరిగాయి. రూబీ వాడేవారికి జేక్వెరీ-రైల్స్ అనే జెమ్‌లో, అంటే రూబీ ప్యాకేజీలో, అది దొరికేది. జావా వాడేవారికి వెబ్‌జార్స్ ప్రాజెక్టు అదే జావాస్క్రిప్ట్‌ను జార్ ఫైళ్లలో పెట్టి మావెన్ సెంట్రల్ అనే రిజిస్ట్రీ ద్వారా అందించింది, ఇప్పటికీ అందిస్తోంది.

పనిచేసే తీరు: వెర్షన్ల ఎంపిక

ఒక అప్లికేషన్‌కు క, ఖ అనే రెండు ప్యాకేజీలు కావాలనుకుందాం. రెండింటికీ గ కావాలి. క-కు గ 1వ వెర్షన్ కావాలి, ఖ-కు 2వ వెర్షన్ కావాలి. దీన్ని వజ్రాకార డిపెండెన్సీ సమస్య అంటారు. గ ఒక్కటే ఉండాలన్న నియమం ఉన్నచోట దీనికి పరిష్కారం లేదు. క, ఖల్లో ఒకదాని వెర్షన్ మార్చి మళ్లీ వెతకాలి. ప్యాకేజీలు వేలల్లో ఉంటే ఈ వెతుకులాట ఎంత కష్టమన్నది ఐరోపాలోని ఎడోస్ పరిశోధన ప్రాజెక్టు తేల్చింది. డెబియన్, ఆర్‌పీఎం తరహా ప్యాకేజీల అమరిక గణిత పరిభాషలో ఎన్‌పీ-కంప్లీట్ తరగతికి చెందుతుంది. అంటే అన్ని సందర్భాల్లోనూ త్వరగా జవాబిచ్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ తెలియదు.

ఆచరణలో దీన్ని మూడు దారుల్లో ఎదుర్కొంటున్నారు. మొదటిది, సమస్యను తర్క సూత్రంగా మార్చి, అలాంటి సూత్రాలను తీర్చే శాట్ సాల్వర్ అనే ప్రోగ్రాముకు అప్పగించడం. లైనక్స్ పంపిణీ ఓపెన్‌సూసే 2008లో ఈ పద్ధతికి మారింది. కంపోజర్ రిజాల్వర్ ఆ ఓపెన్‌సూసే సాల్వర్‌ను పీహెచ్‌పీలోకి తిరగరాయగా వచ్చినదే. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన తర్కం వెబ్ భాషకు పనికొచ్చిన అరుదైన సందర్భమిది. రెండోది, ప్రశ్ననే సులభం చేయడం. గో భాష 2018లో చేపట్టిన కనిష్ఠ వెర్షన్ ఎంపికలో ప్రతి ప్యాకేజీ తనకు కావలసిన కనీస వెర్షన్‌ను మాత్రమే చెబుతుంది. వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసుకుంటారు. పై హద్దులు లేవు కనుక వెనక్కి వెళ్లి వెతకవలసిన పని లేదు. మూడోది, ఒకటే ఉండాలన్న నియమాన్ని వదిలేసి గ-కు రెండు ప్రతులనూ ఉండనివ్వడం. ఇది ఎన్‌పీఎం దారి.

పనిచేసే తీరు: అమరిక

డెబియన్‌లో లైబ్రరీ ఫైలుకు చోటు ఒక్కటే. ఆ యంత్రంలోని ప్రోగ్రాములన్నీ దాన్నే పంచుకుంటాయి. భద్రతాలోపం బయటపడితే ఒక్క ప్యాకేజీని మారిస్తే అన్నిటికీ మరమ్మతు అయినట్టే. భాషల ప్యాకేజీ మేనేజర్లలో చాలావరకు ప్రాజెక్టుకు విడి ఫోల్డరు ఉంటుంది. ఇక్కడ ప్రతి ప్రాజెక్టూ తన ప్రతిని తానే నవీకరించుకోవాలి.

ఈ రెండు సంప్రదాయాలు ఒకే యంత్రంపై కలిసినప్పుడు గొడవ తప్పదు. పైథాన్ పరికరమైన పిప్, డెబియన్ అమర్చిన ఫైళ్ల మీదే తన ఫైళ్లను రాయగలదు. ఆప్ట్‌కు ఆ సంగతి తెలియదు. చివరకు పెప్ 668 అనే ప్రమాణం వచ్చింది. 2023లో వెలువడిన డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లో పిప్‌తో ఏదైనా అమర్చబోతే ఈ పరిసరాన్ని మరొకరు నిర్వహిస్తున్నారని సందేశమిచ్చి పని ఆపేస్తుంది. వాడుకరి విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సృష్టించుకోవాలి.

ఎల్కో డోల్‌స్ట్రా 2006 నాటి సిద్ధాంత గ్రంథంలో వివరించిన నిక్స్ ఈ రెండు దారులకూ భిన్నం. ప్రతి ప్యాకేజీ తన నిర్మాణానికి వాడిన వివరాలన్నిటి నుంచి లెక్కించిన హ్యాష్ పేరుతో వేరే డైరెక్టరీలో ఉంటుంది. కాబట్టి ఎన్ని వెర్షన్లున్నా ఒకదానికొకటి అడ్డురావు. (చూ. గిక్స్, కంటెంట్-అడ్రెస్డ్ స్టోరేజీ.)

మలచుకునే పద్ధతులు: మ్యానిఫెస్ట్ విస్తరణ

ఉన్న మ్యానిఫెస్ట్‌లో కొత్త అరను చేర్చి, రిజిస్ట్రీనీ క్లయింటునూ (వాడుకరి వైపు పరికరాన్ని) ముట్టుకోకుండా వాడుకోవడం అన్నిటికన్నా చవకైన పద్ధతి. ఐబీఎంలో 2013లో మొదలైన నోడ్-రెడ్ దీనికి మంచి ఉదాహరణ. సెన్సర్లను, వెబ్ సేవలను తెరపై గీతలతో కలిపి ప్రోగ్రాము రాసుకునే వ్యవస్థ ఇది. ఇందులోని ప్రతి గడికీ ఒక జావాస్క్రిప్ట్ ఫైలు, ఎడిటర్‌లో కనిపించే రూపం కోసం ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు ఉంటాయి. ఈ జంటను ఎన్‌పీఎం ప్యాకేజీలో పెట్టి, ప్యాకేజ్.జేసన్‌లో నోడ్-రెడ్ అనే అర కింద ఫైలు పేరు రాస్తే చాలు. వాడుకరి ఎడిటర్‌లోనే ప్యాలెట్ మేనేజర్ తెరిచి అమర్చుకుంటాడు. వెనుక నడిచేది ఎన్‌పీఎమ్మే.

ఏ ప్యాకేజీలు తమవో గుర్తించడానికి నోడ్-రెడ్ అనే కీలకపదం ఉపయోగపడేది. 2020 ఏప్రిల్ నుంచి ఈ ఏర్పాటు మారింది. ఆ కీలకపదంతో ఎన్‌పీఎంలోకి వచ్చినవాటిని నోడ్-రెడ్ జాబితా అయిన ఫ్లో లైబ్రరీ తనంతట తాను చేర్చుకోలేకపోతోంది. రచయిత విడిగా నమోదు చేసుకోవాలి. సొంత రిజిస్ట్రీ నడపకపోవడం వల్ల శ్రమ తగ్గుతుంది, జాబితాపై పట్టు కూడా అంతే తగ్గుతుంది.

మలచుకునే పద్ధతులు: అమరిక మళ్లింపు

కంపోజర్ తెచ్చిన ప్యాకేజీలన్నీ వెండర్ అనే ఫోల్డరులోకి వెళ్తాయి. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ మాత్రం తన ప్లగిన్లను సాధారణంగా డబ్ల్యుపీ-కంటెంట్ కింద ప్లగిన్స్ ఫోల్డరులో వెతుకుతుంది. కంపోజర్ ఇన్‌స్టాలర్స్ అనే ప్లగిన్ ఈ మధ్యలో నిలబడి, మ్యానిఫెస్ట్‌లో టైప్ అన్న చోట వర్డ్‌ప్రెస్-ప్లగిన్ అని ఉంటే ఫైళ్లను అటు మళ్లిస్తుంది. అలాంటి మరో వ్యవస్థ ద్రూపల్‌కూ ఇలాంటి మళ్లింపే ఉంది. వర్డ్‌ప్రెస్ అధికారిక జాబితాలోని ప్లగిన్లను కంపోజర్‌కు అర్థమయ్యే రూపంలో చూపే పని డబ్ల్యుపీప్యాకజిస్ట్ అనే మధ్యవర్తి రిపాజిటరీ చేస్తోంది.

ద్రూపల్‌కు వెర్షన్ సంఖ్యలే అడ్డొచ్చాయి. అక్కడి మాడ్యూల్ వెర్షన్ 8.ఎక్స్-1.2 అని ఉండేది. ముందున్నది ద్రూపల్ వెర్షన్, వెనుకున్నది మాడ్యూల్‌ది. కంపోజర్ ఇలాంటి సంఖ్యను పోల్చలేదు. అందుకని ద్రూపల్ తన సర్వర్‌లో ఒక అనువాద పొర కట్టింది. అడిగినవారికి అది 1.2.0 అని చెప్పి, ద్రూపల్ వెర్షన్‌ను విడి డిపెండెన్సీగా చూపుతుంది. 2019 డిసెంబరులో వచ్చిన 8.8 వెర్షన్ నుంచి కంపోజర్‌తో మొదలుపెట్టే ప్రాజెక్టు నమూనాలను ద్రూపల్ తానే అందిస్తోంది.

మలచుకునే పద్ధతులు: ప్రోటోకాల్ మాత్రమే

కొన్ని వ్యవస్థలు ఎన్‌పీఎం క్లయింటును వదిలి, రిజిస్ట్రీతో మాట్లాడే పద్ధతిని మాత్రమే తీసుకున్నాయి. యూనిటీ గేమ్ ఇంజన్ 2018 నుంచి అందిస్తున్న ప్యాకేజీ మేనేజర్‌లో మ్యానిఫెస్ట్ పేరు ప్యాకేజ్.జేసనే. బయటి రిజిస్ట్రీలను చేర్చుకునే స్కోప్డ్ రిజిస్ట్రీలు ఎన్‌పీఎం ప్రోటోకాల్‌నే మాట్లాడతాయి. లోపలి నియమాలు మాత్రం వేరు. యూనిటీ ప్యాకేజీలో ^1.2.3 వంటి శ్రేణి రాయడానికి వీల్లేదు, కచ్చితమైన సంఖ్య రాయాలి. ఒక ప్రాజెక్టులో ఒక ప్యాకేజీకి ఒక్క వెర్షనే ఉంటుంది. వేర్వేరు సంఖ్యలు అడిగితే పెద్దది నెగ్గుతుంది. యూనిటీలో వాడే సీషార్ప్ కోడ్ అసెంబ్లీలుగా కంపైల్ అవుతుంది. ఒకే పేరున్న రెండు అసెంబ్లీలు ఒక ప్రాజెక్టులో ఇమడవు. కనుక ఎన్‌పీఎం ప్రధాన లక్షణమైన బహుళ ప్రతుల పద్ధతిని ఇక్కడ వదులుకోక తప్పలేదు. బయటికి ఎన్‌పీఎంలా కనిపించినా, ఎంపికలో ఇది గో భాషకే దగ్గర.

మలచుకునే పద్ధతులు: సిస్టమ్ ప్యాకేజీలుగా చుట్టడం

రోబోల సాఫ్ట్‌వేర్ వేదిక రాస్ భాషల ప్యాకేజీ మేనేజర్ల జోలికి పోలేదు. దాని మాడ్యూళ్లలో సీ ప్లస్ ప్లస్, పైథాన్ రెండూ ఉంటాయి, హార్డ్‌వేర్ లైబ్రరీల అవసరమూ ఉంటుంది. అందుకు ఆప్టే తగినదని భావించారు. బ్లూమ్ అనే పరికరం రాస్ ప్యాకేజీ నుంచి డెబియన్ నిర్మాణ ఫైళ్లను తయారుచేస్తుంది. బిల్డ్ ఫార్మ్ వాటిని కంపైల్ చేసి రిపాజిటరీలో ఉంచుతుంది. డెబియన్ పేర్లలో అండర్‌స్కోర్ కుదరదు కాబట్టి టర్టిల్_టీఎఫ్2_పై అన్నది హంబుల్ విడుదలలో రాస్-హంబుల్-టర్టిల్-టీఎఫ్2-పై అవుతుంది. విడుదల పేరు ప్యాకేజీ పేరులోనే ఉండడం, ఫైళ్లు సిస్టమ్ ఫోల్డర్లలోకి పోకుండా ఆప్ట్ అనే పైస్థాయి డైరెక్టరీలో విడుదలవారీగా చేరడం కావాలని చేసిన ఏర్పాట్లు. (ఈ డైరెక్టరీకీ డెబియన్ పరికరానికీ పేరు ఉచ్చారణలో ఒకటే అయినా సంబంధం లేదు.) సిస్టమ్‌కు ఒకే వెర్షన్ అన్న డెబియన్ నియమాన్ని ఉల్లంఘించకుండానే రెండు రాస్ విడుదలలను పక్కపక్కన ఉంచే వెసులుబాటు ఇలా దొరికింది.

మలచుకునే పద్ధతులు: సాధారణ నిల్వ

కంటెయినర్ చిత్రాల కోసం 2015లో ఏర్పడిన ఓసీఐ ప్రమాణాల ప్రకారం నడిచే రిజిస్ట్రీలు లోపల ఏముందో పట్టించుకోవు. షా-256 హ్యాష్‌తో గుర్తించే ముక్కలు, వాటి జాబితా, అంతే. ఈ ఉదాసీనతే వాటికి కలిసొచ్చింది. కుబర్నెటీస్ ప్యాకేజీ మేనేజర్ హెల్మ్ చార్టులనే తన ప్యాకేజీలను ఈ రిజిస్ట్రీల్లో ఉంచే సౌకర్యాన్ని 2022లో విడుదలైన 3.8 వెర్షన్‌తో పూర్తిస్థాయిలో ఇచ్చింది. మ్యాక్ వాడుకరుల హోమ్‌బ్రూ, అప్పటిదాకా వాడిన బిన్‌ట్రే సేవ మూతపడుతుండడంతో 2021లో తన ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలను గిట్‌హబ్ కంటెయినర్ రిజిస్ట్రీకి తరలించింది. వెబ్‌అసెంబ్లీ కాంపొనెంట్లు కూడా ఇదే దారి పట్టాయి. అయితే ఓసీఐ రిజిస్ట్రీకి డిపెండెన్సీ అనే భావనే లేదు. ఎంపిక, అమరిక పూర్తిగా క్లయింటు పని.

విస్తృత ఉదాహరణ: బ్రౌజర్‌లోకి ఎన్‌పీఎం

నోడ్ మాడ్యూళ్లకు ఎన్‌పీఎం పాత అమరిక గూడులో గూడు. ప్రతి ప్యాకేజీ తన డిపెండెన్సీలను తన లోపలి నోడ్_మాడ్యూల్స్ ఫోల్డరులో ఉంచుకునేది. వెర్షన్ల ఎంపిక గురించిన పై ఉదాహరణలో గ రెండు ప్రతులుగా ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. సర్వర్‌లో డిస్కు చవక. బ్రౌజర్‌కు ఈ లెక్క కుదరదు. అదే లైబ్రరీ రెండుసార్లు దిగుమతి అయితే పేజీ తెరిచే మనిషి రెండుసార్లు మూల్యం చెల్లించాలి.

ఈ కారణంతోనే ట్విటర్ ఇంజనీర్లు 2012లో బవర్‌ను విడుదల చేశారు. అందులో ప్రతి లైబ్రరీకీ ఒకే ప్రతి. వెర్షన్లు పొసగకపోతే ఏది ఉంచాలో అడిగి, జవాబును డెవలపర్ చేతే చెప్పించేది. మరోవైపు 2011లోనే జేమ్స్ హాలిడే బ్రౌజరిఫైతో వేరే దారి తెరిచారు. నోడ్ కోసం రాసిన మాడ్యూళ్లను డిపెండెన్సీలతో సహా ఒకే ఫైలుగా కుట్టి బ్రౌజర్‌కు ఇస్తుందది. నోడ్‌లో ఒక ఫైలు, బ్రౌజర్‌లో మరో ఫైలు వాడాలంటే ప్యాకేజ్.జేసన్‌లో బ్రౌజర్ అనే అర వచ్చింది. 2012లో మొదలైన వెబ్‌ప్యాక్ స్టైల్ షీట్లను, బొమ్మలను కూడా మాడ్యూళ్లుగా చూడడం నేర్పింది. కొన్నేళ్లలో పోటీ ముగిసింది; 2017 నాటికి కొత్త ప్రాజెక్టులకు యార్న్ అనే ఎన్‌పీఎం ప్యాకేజీల క్లయింటును, వెబ్‌ప్యాక్‌ను వాడమని బవర్ నిర్వాహకులే సూచించారు.

నెగ్గిన ఎన్‌పీఎం కూడా మునుపటిలా మిగల్లేదు. 2015 నాటి మూడో వెర్షన్‌లో గూళ్లను విప్పి, వీలైనంతవరకు ప్యాకేజీలను పైస్థాయిలో ఒకే వరుసలో పరిచింది. ప్రతులు తగ్గాయి. 260 అక్షరాలు దాటిన ఫైలు దారులతో విండోస్ వాడుకరులు పడుతున్న అవస్థ కూడా చాలావరకు తీరింది. కానీ మ్యానిఫెస్ట్‌లో లేని ప్యాకేజీ కూడా పైస్థాయిలో కనబడుతుంది కనుక, దాన్ని పొరపాటున వాడుకునే కోడ్ పెరిగింది. పీఎన్‌పీఎం అనే క్లయింటు ఈ దోషాన్ని సింబాలిక్ లింకులతో, ఒకే నిల్వ నుంచి ఇచ్చే హార్డ్ లింకులతో సరిదిద్దింది.

ప్లగిన్ల విషయం మరింత సున్నితం. ప్లగిన్‌కు ఆతిథ్య ప్రోగ్రాము కావాలి, కానీ సొంత ప్రతి కాదు, ఇప్పటికే నడుస్తున్నదే కావాలి. ఈ సంబంధాన్ని చెప్పడానికి 2013లో పీర్ డిపెండెన్సీ వచ్చింది. మొదట ఎన్‌పీఎం వీటిని తానే అమర్చేది. మూడో వెర్షన్‌లో హెచ్చరికతో సరిపెట్టింది. 2020లో ఏడో వెర్షన్‌తో మళ్లీ అమర్చడం మొదలుపెట్టింది. ఇలా రెండుసార్లు మనసు మార్చుకోవడానికి సర్వర్‌లో పుట్టిన బహుళ ప్రతుల అలవాటే మూలం. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడేవారికి దీని ఫలితం బాగా తెలుసు. పేజీలో రియాక్ట్ ప్రతులు రెండు చేరితే కోడ్‌లో తప్పేమీ లేకున్నా హుక్ పిలుపు చెల్లదన్న సందేశం వస్తుంది. ఒక ప్రతి దాచుకున్న స్థితి రెండో ప్రతికి కనబడకపోవడమే కారణం.

కోడ్ కాని ప్యాకేజీలు: తెలుగు ఫాంట్లు

ప్యాకేజీలో ప్రోగ్రామే ఉండాలన్న నియమం లేదనడానికి తెలుగు ఫాంట్ల పంపిణీ ఉదాహరణ. డెబియన్‌లో ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీలో ఫాంట్ ఒక్కటీ ఉండదు. అది మెటాప్యాకేజీ, లోహిత్ తెలుగు వంటి ఇతర ఫాంట్ ప్యాకేజీలను డిపెండెన్సీలుగా చూపుతుంది. పోతన, వేమన ఫాంట్లు ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రాలో ఉంటాయి. అమర్చగానే ఆ యంత్రంలోని ప్రోగ్రాములన్నిటికీ అవి అందుబాటులోకి వస్తాయి.

అదే వస్తువు ఎన్‌పీఎంలోకి వెళ్లినప్పుడు రూపం మారుతుంది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఎన్టీఆర్, రామభద్ర, మల్లన్న వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. ఫాంట్‌సోర్స్ ప్రాజెక్టు వాటిని ఒక్కొక్కటీ ఒక ఎన్‌పీఎం ప్యాకేజీగా అందిస్తుంది. లోపల వోఫ్2 ఫైళ్లు, వాటిని పేజీకి పరిచయం చేసే స్టైల్ షీట్లు ఉంటాయి. తెలుగు అక్షరాలు ఒక ఫైలులో, లాటిన్ అక్షరాలు మరొక ఫైలులో విడగొట్టి ఉంటాయి. పేజీలో యూనికోడ్ తెలుగు శ్రేణి, అంటే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉన్న అక్షరాలు కనిపిస్తేనే బ్రౌజర్ తెలుగు ఫైలును తెచ్చుకుంటుంది. ఫాంట్ వెర్షన్ లాక్‌ఫైల్‌లో నమోదవుతుంది కాబట్టి అక్షరాల వెడల్పు మారి పేజీ కూర్పు చెదిరే ప్రమాదం తగ్గుతుంది. వాడుకరి యంత్రంలోని ఇతర ప్రోగ్రాములకు మాత్రం ఈ ఫాంట్ తెలియదు.

భద్రత, విశ్వసనీయత

పంపిణీ దారి ఒక్కటైనప్పుడు లోపం కూడా ఆ దారినే వ్యాపిస్తుంది. 2016 మార్చి 22న ఒక డెవలపర్ ప్యాకేజీ పేరు విషయంలో వచ్చిన వివాదం తర్వాత తన ప్యాకేజీలన్నిటినీ ఎన్‌పీఎం నుంచి ఉపసంహరించుకున్నారు. వాటిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 పంక్తుల కోడ్ ఒకటి. పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడమే దాని పని. పరోక్షంగా దానిపై ఆధారపడిన వేలాది ప్రాజెక్టుల నిర్మాణం ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్‌పీఎం ఉపసంహరణ నియమాలను కఠినం చేసింది. రస్ట్ భాష రిజిస్ట్రీలో వెర్షన్‌ను యాంక్ చేస్తే కొత్తవారికి అందదు కానీ, లాక్‌ఫైల్‌లో ఉన్నవారికి దొరుకుతూనే ఉంటుంది.

2018 నవంబరులో బయటపడిన ఈవెంట్-స్ట్రీమ్ ఉదంతం మరో రకం. పాత నిర్వాహకుడి నుంచి బాధ్యత తీసుకున్న కొత్త వ్యక్తి చేర్చిన డిపెండెన్సీలో ఒక బిట్‌కాయిన్ వ్యాలెట్‌ను దోచే కోడ్ దాగి ఉంది. 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సన్ వెల్లడించిన డిపెండెన్సీ కన్ఫ్యూజన్ అయితే మలచుకునే క్రమంలోనే పుట్టిన బలహీనత. సంస్థలు తమ అంతర్గత మాడ్యూళ్లకు ప్రైవేటు రిజిస్ట్రీ పెట్టుకుని, పబ్లిక్ రిజిస్ట్రీని కూడా అదే క్లయింటుకు జోడించినప్పుడు, బయటివారు అదే పేరుతో పెద్ద వెర్షన్ సంఖ్య ఉన్న ప్యాకేజీని పెడితే క్లయింటు దాన్నే తెచ్చుకునేది. ఎన్‌పీఎం స్కోపులు, యూనిటీ స్కోప్డ్ రిజిస్ట్రీలు పేరు ముందుభాగాన్ని ఒక నిర్దిష్ట రిజిస్ట్రీకి కట్టడి చేసి ఈ దాడిని అడ్డుకోగలవు.

డెబియన్‌లో రిపాజిటరీ సూచికపై సంతకం ఉంటుంది. నిర్వాహకుడు చూసి చేర్చనిదే ప్యాకేజీ లోపలికి రాదు. భాషల రిజిస్ట్రీల్లో చాలావాటిలో ఖాతా ఉన్నవారెవరైనా ప్రచురించవచ్చు, ముందస్తు పరిశీలన లేదు. గో భాష 2019 నుంచి ప్రతి మాడ్యూల్ వెర్షన్ హ్యాష్‌ను చెరపలేని బహిరంగ చిట్టాలో రాస్తోంది. 2023 నుంచి ఎన్‌పీఎం ప్యాకేజీ ఏ సోర్స్ కోడ్ నుంచి, ఏ బిల్డ్ సేవలో తయారైందో తెలిపే ధ్రువీకరణను జోడించే వీలుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో తెలిపే ఎస్‌బామ్ పట్టికను అమెరికా ప్రభుత్వం 2021 మే నాటి కార్యనిర్వాహక ఉత్తర్వుతో తన కొనుగోళ్లలో ప్రధానాంశం చేసింది. భారతదేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఎస్‌బామ్ మార్గదర్శకాలను వెలువరించింది. లాక్‌ఫైల్ ఉన్న ప్రాజెక్టుకు ఈ పట్టిక తయారుచేయడం యంత్రం పని. ఓసీఐ రిజిస్ట్రీలో ముక్కలుగా ఉంచిన భాగాలకైతే డిపెండెన్సీల సమాచారాన్ని వేరే చోటి నుంచి తెచ్చి జతచేయాలి.